బాస్, దొర, సాయిబు

‘బాస్’ అనే మాటకు మన దగ్గర రెండు బతుకులున్నాయి. ఆఫీసులో అది పైవాడి పేరు. సెలవిచ్చేవాడు, మెమో ఇచ్చేవాడు, తప్పు చేసినా తప్పు కానివాడు బాస్. బజార్లో అది ఎవరి పేరైనా కావచ్చు. ‘బాస్, జర జరుగు’, ‘బాస్, చిల్లర ఉందా’, ‘ఏం బాసూ, కనపడుడే లేదు’. మణుగూరు బస్టాండులో ఆటో నడిపేవాడు ఎక్కేవాణ్ని బాస్ అంటాడు. ఎక్కేవాడూ నడిపేవాణ్ని బాస్ అంటాడు. ఇద్దరిలో ఎవరికీ ఎవరి మీదా అధికారం లేదు. 1995లో చిరంజీవి సినిమా ‘బిగ్ బాస్’ పేరుతో వచ్చింది. 2017 నుంచి అదే పేరుతో టీవీలో వస్తున్న ఆటలో బాస్ అంటే ఒట్టి గొంతు. మొహం కనపడదు, ఎదురు ప్రశ్న వినపడదు. హుకుం మాత్రం వస్తుంది.

మా ముస్లిం పిల్లలకు ఈ మాటంటే ఇష్టం. దానికి కారణముంది. ‘భాయ్’ అంటే ఒక మొహల్లా గుర్తొస్తుంది. ‘సాయిబూ’ అంటే టోపీ, గడ్డం, మసీదు, ఆ వెనకాలే పోలీసు జీపు గుర్తొస్తాయి. ‘బాస్’ మతం అడగదు, కులం అడగదు. పేరు చెప్పకుండా పని జరుపుకోవచ్చు. పేరు చెప్తే ఇల్లు కిరాయికి దొరకని కాలంలో అది చిన్న సుఖమేమీ కాదు.

అందుకే లౌకికవాద మిత్రులు కొందరు సంబరపడతారు. ‘చూశారా, దొర పోయాడు, సార్ కూడా పోతున్నాడు. అందరూ అందరికీ బాసులే. ఇదే సమానత్వం’ అంటారు. వాళ్ల సంబరం మీద నీళ్లు చల్లాలని నాకు లేదు. కాని ఒక ప్రశ్న అడగక తప్పదు. పిలుపు మారితే పెత్తనం మారుతుందా? అధికారం లేనివాణ్ని అధికారం ఉన్నట్టు పిలవడం వాడికి ఇచ్చే మర్యాదా, లేక వాడి ఖాతాలో రాసే అప్పా?

ముందు ఆ మాట పుట్టుక చూద్దాం. బాస్ అసలు ఇంగ్లీషు మాట కాదు. డచ్చివాళ్ల ‘బాస్’. యజమాని అని అర్థం. న్యూయార్కు ప్రాంతంలో స్థిరపడిన డచ్చివాళ్ల నోటినుంచి 19వ శతాబ్దం మొదట్లో అమెరికా ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పటిదాకా పనివాడు యజమానిని ‘మాస్టర్’ అనేవాడు. కాని అమెరికాలో మాస్టర్ అనే మాట బానిసల నోట్లో ఉంది. కూలికి పనిచేసే తెల్లవాడికి అది నామోషీ అయింది. నేను బానిసను కాను కనక నాకు మాస్టర్ లేడు, బాస్ ఉన్నాడు అన్నాడు. జేమ్స్ ఫెనిమోర్ కూపర్ అనే నవలాకారుడు 1838లో రాసిన ‘ది అమెరికన్ డెమొక్రాట్’ పుస్తకంలో ఈ అలవాటును ఎత్తిపొడిచాడు. మాస్టర్ అనడానికి సిగ్గుపడి అదే అర్థమున్న పరాయి మాట పట్టుకుంటున్నారని ఆయన ఫిర్యాదు.

కూపర్ పెద్దింటివాడు. పనివాడు మాస్టర్ అనకపోతే ఆయనకు కడుపుమంట. ఆ మంట సంగతి పక్కన పెడితే ఆయన చెప్పింది నిజమే. పేరు మారింది, పని మారలేదు. ఇంకో సంగతి ఆయన చెప్పనిది. తెల్ల కూలీ తనకు బాస్ ఉన్నాడని తృప్తిపడ్డ రోజుల్లోనే పక్క పొలంలో నల్ల మనిషి కొరడా కింద మాస్టర్ అంటూనే ఉన్నాడు. అమెరికాలో బానిసత్వం చట్టంలోంచి పోవడానికి 1865 దాకా ఆగాల్సొచ్చింది. అంటే ‘బాస్’ అనే మాట సమానత్వం కోసం పుట్టలేదు. నాకంటే కింద ఇంకొకడున్నాడని చెప్పుకోవడానికి అక్కరకొచ్చింది.

అదే డచ్చి మాట దక్షిణాఫ్రికాకు పోయి ఇంకో వేషం వేసింది. అక్కడ నల్లవాడు తెల్లవాణ్ని ‘బాస్’ అని తీరాలి. 1954 నుంచి 1958 దాకా ప్రధానమంత్రిగా ఉన్న స్ట్రైడమ్ అయితే ‘బాస్‌స్కాప్’ అన్న మాటనే తన విధానంగా బాహాటంగా చెప్పుకున్నాడు. తెల్లవాడే బాస్‌గా ఉండాలి అని దాని అర్థం. ఒకే మాట. ఒక దేశంలో కూలివాడి ఆత్మగౌరవం, ఇంకో దేశంలో మనిషి మెడమీది కాడి. మాటను మాటగా చూస్తే ఏమీ తెలియదు. ఎవరు ఎవర్ని అంటున్నారు, అనకపోతే ఏమవుతుంది? ఈ రెండూ అడిగితేనే దాని సంగతి తెలుస్తుంది.

ఇదే ప్రశ్నతో మా పినపాకకు వద్దాం.

పినపాక గోదావరి ఒడ్డు మండలం. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒకవైపు అడవి, ఒకవైపు మణుగూరు బొగ్గు గనులు. నిజాం కాలంలో ఇక్కడ గోదావరి రెండు రాజ్యాల సరిహద్దు. ఈ ఒడ్డున నిజాం సర్కారు, ఆ ఒడ్డున భద్రాచలం తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ తాలూకా ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. కాబట్టి అధికారం పేర్లు కూడా ఒడ్డును బట్టి ఉండేవి. ఈ ఒడ్డున మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ, గిర్దావర్, అమీన్‌సాబ్. ఆ ఒడ్డున మునసబు, కరణం, కలెక్టరు దొర. నది దాటితే పేరు మారేది. అడవిలో బతికేవాడికి మాత్రం రెండు ఒడ్డులా వంగవలసిందే.

ఈ రెండు ఒడ్డులకూ ఉమ్మడిగా ఉన్న మాట ‘దొర’. తెలంగాణలో దొర అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. గడీలో కూర్చున్నవాడు. వెట్టి చేయించుకున్నవాడు. ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అనిపించుకున్నవాడు. 1946లో మొదలైన సాయుధ పోరాటం ఆ మాట మీదనే తిరగబడింది. కాని ఇదే మాటతో మా దిక్కున ఇంకొకరినీ పిలుస్తారు. ఆయన కోయ మనిషి. కోయలు తమను తాము కోయితోర్ అనుకుంటారు. తెలుగువాళ్లు వాళ్లను కోయదొర అంటారు. గడీ లేని దొర. తన పోడు తనదని ఫారెస్టువాళ్ల ముందు రుజువు చేసుకోలేక తిరిగే దొర. మూలికలు అమ్ముకుంటూ పట్నం పోతే సినిమావాళ్లు నవ్వులాటకు వాడుకునే దొర.

మా దిక్కు సంతల్లో ఈ మాటలు వినాలి.

‘ఏం సాయిబూ, ఉప్పు గింత పిరం చేస్తివి?’

‘నా చేతిల ఏముంది దొరా, పైనుంచే అట్లొస్తాంది.’

ఒకరు దొర, ఒకరు సాహెబు. వినేవాడు రెండు సంస్థానాల ప్రభువులు మాట్లాడుకుంటున్నారు అనుకోవాలి. ఒకరిది గోచీ అంత పొలం, ఒకరిది గోనెపట్టా మీద పరిచిన దుకాణం. ఉప్పు ధర నిర్ణయించేవాడు ఆ సంతకు ఎన్నడూ రాడు.

ఇక సాయిబు సంగతి. సాహిబ్ అరబ్బీ మాట. అసలు అర్థం తోడున్నవాడు, సహచరుడు. ప్రవక్త వెంట నడిచినవాళ్లను సహాబా అనేది ఆ మాట నుంచే. పక్కన నడిచేవాడు సాహిబ్. పైన కూచున్నవాడు కాదు. అక్కడినుంచి ఫారసీలోకి, ఉర్దూలోకి వచ్చేసరికి యజమాని అయ్యాడు. ఇంగ్లీషువాడు వచ్చి ఆ కుర్చీలో కూచుని తానే సాహెబ్ అయ్యాడు, భార్యను మేమ్‌సాహెబ్ చేశాడు. తెలుగు పల్లెలో దిగి అదే మాట ఒక కులం పేరైంది. తెలుగులో సాయిబు అంటే ముస్లిం. రిక్షా తొక్కినా సాయిబే, గాజులమ్మినా సాయిబే. ‘సాయిబు సంపాదన బీబి కుట్టుకూలికే సరి’ అని సామెత కూడా ఉంది. అధికారపు మాటను లేమికి పర్యాయపదం చేసిన సామెత అది.

ఇది నా ఊహ అనుకునేవాళ్లు సర్కారు కాగితాలు తెరిచి చూడండి. 2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముస్లింలలో వెనకబడిన 14 సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేసింది. 2010లో హైకోర్టు కొట్టేస్తే అదే ఏడు సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. ఆ జాబితాలో ఉన్న పేర్లు చదవండి. అత్తరు సాయిబులు. గారడి సాయిబులు. ఫకీరు సాయిబులు. రోళ్లకు కక్కు కొట్టే జింక సాయిబులు. తర్వాత షెడ్యూల్డు తెగల జాబితా తీయండి. కోయల కింద రాజా, రాచకోయ, రాజ్‌కోయ అన్న పేర్లున్నాయి. ఇంకోచోట కొండదొరలు, ముఖదొరలు, నూకదొరలు ఉన్నారు. ఈ దేశంలో పేదరికం లెక్కరాసిన పుస్తకాల నిండా రాజులూ దొరలూ సాహెబులూ. అసలు రాజుల వారసులు, అసలు దొరల వారసులు ఆ పుస్తకాల్లో లేరు. వాళ్లు అసెంబ్లీల్లో, కాంట్రాక్టుల్లో, ఫారంహౌసుల్లో ఉన్నారు. వాళ్లను ఎవరూ కులం పేరుగా దొర అనరు. ‘బాస్’ అంటారు.

‘పోనీ, గౌరవంగానే పిలుస్తున్నారు కదా, దాంట్లో నష్టమేముంది?’ అని అడగవచ్చు. నష్టమేమిటో మాకు 1948 నేర్పింది.

హైదరాబాదు రాజ్యంలో ముస్లింలు మైనారిటీ. అందులో జాగీర్దార్లు, మన్సబ్‌దార్లు, పెద్ద ఉద్యోగులు పిడికెడు మంది. మిగతావాళ్లు జట్కా తోలేవాళ్లు, నేతగాళ్లు, జవాన్లు, కౌలుదార్లు. కాని మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ ఒక సిద్ధాంతం చెప్పాడు. దాని పేరు ‘అనల్ మలిక్’. నేనే రాజును అని అర్థం. సార్వభౌమత్వం నిజాం ఒక్కడిది కాదు, ప్రతి ముస్లిందీ, నిజాం దానికి గుర్తు మాత్రమే అన్నాడు. జట్కా తోలేవాడికి ఆ మాట మత్తెక్కించింది. పూటకు లేకపోయినా తాను రాజు. ఆకలికి ఆ కిరీటం అడ్డం పెట్టుకున్నాడు. 1944లో ఆయన పోయాక ఖాసిం రజ్వీ ఆ కిరీటాన్ని రజాకార్ల చేతికి తుపాకీగా మార్చాడు. ఆ దౌర్జన్యాలు జరిగాయి. జరగలేదని మేం అనడం లేదు.

1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం లొంగాడు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, జాగీర్దార్లలో చాలామంది పరిహారం పుచ్చుకున్నారు. మరి రాజరికం బాకీ ఎవరు కట్టారు? కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం పల్లెలు తిరిగి నివేదిక రాసింది. పోలీసు చర్యలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్లు కనీసం 27 వేల నుంచి 40 వేల మంది అని అంచనా కట్టింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ఘోరం ఎక్కువ. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏనాడూ ఎవరికీ హుకుం ఇచ్చినవాళ్లు కాదు. వాళ్లకు నోటిమాటగా అంటించిన రాజరికానికి వాళ్ల ప్రాణం వసూలైంది.

ఇదీ నష్టం. అధికారం అనేది రెండు ముక్కలు. ఒకటి చేయించే శక్తి. రెండోది జరిగినదానికి జవాబు చెప్పవలసిన బాధ్యత. రెండూ కలిసి ఉంటే అది న్యాయమైన అధికారం. శక్తి తన దగ్గర పెట్టుకుని జవాబును తప్పించుకునేవాడు నియంత. ఇక మూడో మనిషి ఉన్నాడు. వాడికి శక్తి లేదు, పేరుంది. ఆ పేరును బట్టి జవాబు మాత్రం వాణ్ని అడుగుతారు. ఆ మూడో మనిషే సాయిబు. ‘మీరు వెయ్యేళ్లు ఏలారు’ అని ఇవాళ్టికీ సైకిల్ పంక్చర్ వేసేవాడితో అనగలరు. వాడి తాతలు ఎవర్ని ఏలారో వాడికి తెలియదు. ఔరంగజేబు చేసినదానికి వాడు సంజాయిషీ ఇవ్వాలి. పిలుపులో ఇచ్చిన పెద్దరికాన్ని ఇట్లా వడ్డీతో గుంజుకుంటారు.

ఇందుకు ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టను. అదే హైదరాబాదు రాజ్యంలో జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద రైతు ఉండేవాడు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్లతో కోర్టుల్లో కొట్లాడి గెలిచాడు. 1940ల మొదట్లో దొర మనుషులు ఆయన్ను నరికి చంపారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మా భూమి’ నాటకానికి ఆ కథే ప్రేరణ. బందగీ అంటే అర్థమేమిటి? దాస్యం, సేవ. దేవుడికి తప్ప ఇంకెవరికీ చేయనిది. పేరులో సేవ ఉన్నవాడు దొరకు తలవంచలేదు. ‘అనల్ మలిక్’ అని కిరీటం పెట్టుకున్నవాడు ఎవరి చేతిలోనో పనిముట్టయ్యాడు. ఈ రెండు బతుకులు పక్కపక్కన పెట్టి చూస్తే, మనిషికి గౌరవం పేరునుంచి రాదని ఇంకెవరూ చెప్పనక్కర లేదు.

మా లోపలి సంగతీ మాట్లాడాలి. బయట పెత్తనం లేనివాడు ఇంట్లో పెత్తనం వెతుక్కుంటాడు. వీధిలో సాయిబు అంటే చిన్నబుచ్చుకున్నవాడే గడప దాటి లోపలికి రాగానే సాహెబ్ అయిపోతాడు. ఉప్పు ధర తన చేతిలో లేదు, బిడ్డ చదువు మాత్రం ఉంది. మళ్లీ మాలో మాకు మెట్లు. సయ్యద్ సాబ్ ఒక మెట్టు, దూదేకుల ఇంకో మెట్టు. దూదేకుల మనిషిని సాయిబు అనడానికి కూడా ఇష్టపడని సాయిబులున్నారు. ఏ ప్రభుత్వం వచ్చినా ‘ముస్లిం పెద్దలను’ పిలిచి ఇఫ్తార్ పెడుతుంది. ఆ పెద్దలను ఎవరు ఎన్నుకున్నారు? వాళ్లు ఎవరికి జవాబుదారీ? బయటివాళ్లు మా మీద రుద్దిన పేరును తిప్పికొట్టే ముందు ఈ ప్రశ్న మా జమాతులో లేవాలి. లేకపోతే మేం కోరుకుంటున్నది న్యాయం కాదు, మా వంతు బాస్‌స్కాప్ అవుతుంది.

మరి అధికారం పేర్లన్నీ తుడిచేయమంటారా అని అడగవచ్చు. అక్కర లేదు. మా పక్కనే ఒక మంచి కొలబద్ద ఉంది.

సింగరేణి గనుల్లో మైనింగ్ సర్దార్ అని ఒక పదవి ఉంది. సర్దార్ కూడా ఫారసీ మాటే, నాయకుడని అర్థం. కాని గనిలో సర్దార్ బిరుదు కాదు. పరీక్ష పాసై, గనుల భద్రతా శాఖ ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. తన కింద ఉన్న పనిస్థలం తనిఖీ చేయాలి. పైకప్పు నిలకడగా లేదనిపిస్తే, గాలిలో తేడా కనిపిస్తే పని ఆపి మనుషుల్ని బయటికి తీయాలి. అది అతని హక్కు కూడా, విధి కూడా. తీయకపోతే అతనే జవాబు చెప్పాలి. ఈ నియమాలు 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల్లో ఉన్నాయి, వాటి చోట 2017లో వచ్చినవాటిలోనూ ఉన్నాయి. పైవాళ్ల ఒత్తిడికి ఈ అధికారం ఎన్నిసార్లు లొంగిందో కార్మికులకు తెలుసు. అయినా కాగితం మీదైనా లెక్క సరిగ్గా ఉంది. పేరుకు తగ్గ శక్తి, శక్తికి తగ్గ జవాబు. మనిషి ప్రాణం కాపాడటానికి ఇచ్చిన పెద్దరికం అది.

ఈ కొలబద్దతో కోయదొరను కొలవండి. దొర అన్న పిలుపు ఆయనకు గుంట భూమి నిలబెట్టలేదు. నిలబెట్టింది ఏమన్నా ఉంటే అది రాతలో ఉన్న హక్కు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోరాదన్న 1/70 చట్టం, గ్రామసభకు అధికారమిచ్చిన 1996 నాటి పెసా చట్టం, 2008 పునర్విభజనలో ఏర్పడ్డ పినపాక గిరిజన రిజర్వుడు అసెంబ్లీ స్థానం. వీటికి తూట్లు పడ్డాయి, నిజమే. అయినా ఒకరోజు చెట్టుకింద కూర్చున్న గ్రామసభ ‘మేం ఒప్పుకోం’ అని తీర్మానం రాస్తే, ఆ ఒక్క కాగితం వందేళ్ల దొర పిలుపుకంటే బరువు. గిరిజనేతరుడైన సాయిబుకు ఆ చట్టంతో ఇబ్బంది ఉండవచ్చు. ఉన్నా సరే, దాని న్యాయాన్ని మేం ఒప్పుకోవాలి. పేరుకే దొరలుగా ఉన్నవాళ్ల బాధ పేరుకే సాహెబులుగా ఉన్నవాళ్లకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

అందుకే మా పిల్లలు బజార్లో ‘బాస్’ అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. అది ఆట మాట, ఆడుకోనీండి. ఆ మాట వెనక దాక్కోవలసి రావడమే బాధ. పేరు చెప్పి కిరాయి ఇల్లు అడగగలగాలి. సాయిబు అన్నప్పుడు వెనక్కి తిరిగి ‘ఏంటి’ అని నిబ్బరంగా అనగలగాలి. మమ్మల్ని రాజులని ఎవరూ పొగడొద్దు, మాజీ రాజులని ఎవరూ తిట్టొద్దు. పంచాయితీలో ఒక ఓటు, బడిలో ఒక బల్ల, కచేరీలో ఒక కుర్చీ, తప్పు చేస్తే అందరిలాగే ఒక విచారణ. ఇవి చాలు.

గౌరవం ఇచ్చితీరాలని ఎవరికన్నా మనసుంటే సాహిబ్ అనే మాటకు మొదట ఉన్న అర్థం ఉంది. పక్కన నడిచేవాడు. ఆ అర్థంలో పిలిస్తే కోయ మనిషీ సాహిబే, ఆటో డ్రైవరూ సాహిబే, మా ఇంటి ఆడపిల్లా సాహిబే. పక్కన నడిచేవాడికి హుకుం ఇవ్వలేం. దారి ఎటో వాణ్నీ అడగాల్సిందే.